ఏటి అవతల మంత్రసాని

వైప్పారు ఏరు సాత్తూరు దాటి కిందికి వచ్చాక రెండుగా చీలి మళ్ళీ ఒకటవుతుంది. ఆ రెండు పాయల నడుమ లంకలో మాది అయిదిళ్ళ ఊరు. ఎండాకాలం ఇసకలో నడిచి అవతలికి పోవచ్చు. అయిప్పసి నెల వానలు మొదలైతే ఎవరూ రారు, ఎవరూ పోరు. ఒకరింట్లో ఉప్పు అయిపోతే మిగతావాళ్ళు పంచేవాళ్ళు. అందరికీ అయిపోతే అందరం చప్పిడి తినేవాళ్ళం.

నా భార్య కృష్ణమ్మాళ్ పుట్టిల్లు మా పక్కిల్లే. కాన్పుకి పోదామన్నా ఇంకో ఊరు లేదు. మొదటి రెండు కాన్పులూ వానల్లోనే వచ్చాయి. మంత్రసాని ఏరు దాటలేకపోయింది. ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోది కూడా కార్తీకంలోనే అని తెలిశాక నాకు కంటి మీద కునుకు లేదు.

అంతకు ముందు వానల్లో ఏరు మా చేలు సగం కోసుకుపోయింది. విరుదునగరు సంతకి పత్తి తోలుకుపోయిన చెల్లసామి, కృష్ణమ్మాళ్ అన్న, ఒక మాట తెచ్చాడు. కోవిల్‌పట్టిలో కొత్తగా నూలుమిల్లు పెట్టారట, మనుషుల్ని తీసుకుంటున్నారట. పురట్టాసి నెలలో, వానలకి ముందు, అందరం మిల్లుకి పోదామా అని అడగడానికి మా అన్న చిన్నసామి ఊరినంతా కూర్చోబెట్టాడు.

మాలో ఊరు వదలాలంటే మా కులదేవత జక్కమ్మని అడగాలి. ఎర్ర గన్నేరు ఒక ఆకులో, తెల్ల గన్నేరు ఒక ఆకులో చుట్టి అమ్మ ముందు వేస్తారు. చిన్నపిల్ల ఒకటి తీస్తుంది. తెల్లది వస్తే పోవచ్చు. ఎర్రది వస్తే మరుసటి పురట్టాసి దాకా ఎవరూ లంక బయట రాత్రి పండుకోకూడదు. పండుకుంటే ఆ కీడు ఊళ్ళో ఎవరి మీదైనా పడుతుంది.

"ఏమి బావా, పొద్దున్నే మిల్లు సంగు కూత వేస్తే లేస్తువా నీవు? కోడి కూసినా లేవవే," అన్నాడు చెల్లసామి.

"నీ చెల్లెలు ఉండాది కదప్పా, తోసి లేపుతాది."

అందరూ నవ్వారు. చెల్లసామి కూతురు ఒక పొట్లం తీసింది. ఎర్రది.

"ఒక్క కృష్ణమ్మాళ్‌ని ఏటి అవతలికి పంపిద్దాము అన్నా. కాన్పయినాక పిల్చుకొస్తాను," అన్నాను.

"అమ్మ చెప్పినాక ఇంకేమి అడిగేదిరా? నీ పెండ్లాము దాటిపొయ్యి, ఈడ నా బిడ్డకి ఏమన్నా అయితే ఎవుర్ని అడిగేది నేను?"

కోపంతో అన్నది కాదు. నా మొహం చూడలేక నేల చూస్తూ అన్నాడు.

అయినా తీసుకుపోదామనే ఇంటికి వచ్చాను. కృష్ణమ్మాళ్ సజ్జలు దంచుతోంది.

"లే, పోదాము. అనేవాళ్ళు అననీ."

"నేను రాను." రోకలి ఆపలేదు. "ఈడ ఉండి బిడ్డ పోతే అమ్మ తీసుకునిందంటారు. దాటినాక పోతే నేను పోగొట్టినానంటారు. ఆ మాట నేను మొయ్యలేను."

మంత్రసాని ఇసక్కియమ్మాళ్ అవతలి ఊళ్ళో ఉండేది. ముందే వచ్చి మా ఇంట్లో ఉండమని అడిగాను.

"ఇన్ని ఊళ్ళకి నేనొక్కదాన్నే సామీ. నీ ఇంట్లో కూసుంటే తక్కిన ఆడోళ్ళు ఏమయ్యేది? నొప్పులొస్తే దుప్పటి ఊపు, వస్తాను," అంది.

నొప్పులు వచ్చిన పొద్దున ఏరు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. దుప్పటి ఊపాను. ఇసక్కియమ్మాళ్ పరిగెత్తుకొచ్చి నీళ్ళలో దిగింది. నడుములోతుకి రాకముందే ఏరు ఆమెను లాగేసింది. ఎవరో ఇద్దరు జుట్టు పట్టి అవతలి గట్టుకే చేర్చారు. లేచి, అక్కడే నిలబడి అరవడం మొదలుపెట్టింది. ఆమె అన్న మాట నేను మా గట్టు మీదినుంచి అన్నకి అరిచి చెప్పేవాణ్ణి. వాకిట్లోంచి అన్న, గడపలో ఉన్న వదిన మారియమ్మాళ్‌కి చెప్పేవాడు.

"తల కనిపించిందా?"

కాళ్ళు ముందు వస్తున్నాయని లోపలినుంచి బదులు వచ్చింది. అరిచి చెప్పాను. ఇసక్కియమ్మాళ్ నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచింది.

"లాగొద్దండి. తానుగా జారనీ. నడుము దాకా వచ్చినాక గుడ్డతో పట్టుకోండి."

ఆ మాట ఇల్లు చేరేసరికి లోపల ఇంకొకటి జరిగిపోయి ఉండేది. దానికి ఆమె చెప్పింది చేరేసరికి అదీ దాటిపోయేది.

మధ్యాహ్నానికి వదిన గడపలోకి వచ్చింది. ఖాళీ చేతులు అన్నకి చూపించింది. అన్న నా వైపు తిరిగి తల దించుకున్నాడు.

"ఏడ్చిందా సామీ? బిడ్డ ఏడ్చిందా?"

చెల్లసామి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "బదులు చెప్పు బావా. పాపము, వానలో నిలబడుండాది."

చెయ్యి అడ్డంగా ఊపాను. ఆమె తల మీది కొంగు తీసి పిండుకుంది.

"తల్లి?"

"ఉండాది," అని చెల్లసామి అరిచాడు.

"వేడిగా గంజి పట్టించండి. వెంటనే పట్టించండి."

ఆ మాట అన్నకి చెప్పాను. అన్న వదినకి చెప్పాడు. ఎంత బతిమాలినా కృష్ణమ్మాళ్ గంజికి నోరు తెరవడం లేదని లోపలినుంచి బదులు వచ్చింది.