ఎర్రదుమ్ము ఫోటో

జగ్గారావు ముప్పై నాలుగేళ్ళు డ్రెడ్జర్ మీద పనిచేశాడు. వానలు పడ్డప్పుడల్లా మేఘాద్రి గెడ్డ అనే వాగు పైనుంచి బురద మోసుకొచ్చి హార్బర్లో పోసేది. ఓడల అడుగు తగలకుండా వీళ్ళు ఆ బురద తవ్వి సముద్రంలో పారబోసేవారు. మళ్ళీ వాన, మళ్ళీ బురద. రిటైరైన రోజున మెడలో దండ వేసి అనుభవాలు చెప్పమంటే, "గెడ్డే గెలిసింది" అని కూర్చున్నాడు. అప్పట్నుంచి మల్కాపురంలో ఇంటి అరుగు మీద పేపరు పరుచుకుని, దాని మీద పడ్డ హార్బరు బొగ్గు నల్లదుమ్ము ఊదుకుంటూ, కన్నతల్లి చేత తిట్లు తింటూ రోజులు వెళ్ళబుచ్చుతున్నాడు.

ఆ తల్లి పేరు ముసలమ్మ. అది బారసాలనాడు పెట్టిన పేరే, ఎనభై నాలుగేళ్ళు పట్టింది ఆవిడ దానికి సరిపోవడానికి. పెళ్ళైన కొత్తలో మొగుడితో పాటు ఊళ్ళో సెంటు భూమి వదులుకుని వచ్చి హార్బర్లో తట్ట మోసింది. ఓడలోకి సరుకు మోసే బెల్టులు రాకముందు ఇనప రాయిని ఆడవాళ్ళే తట్టల్లో నెత్తికెత్తుకుని, ఊగే బల్ల మీదుగా నడిచి ఓడలో పోసేవారు. సాయంత్రానికి మనిషి మనిషంతా ఎర్రగా అయిపోయేది. "మేం ఎర్రగా దగ్గీవోళ్ళం, మీరు నల్లగా దగ్గుతన్నారు, అదేరా మీ అభివృద్ధి" అని కొడుక్కి ఇప్పటికీ చెబుతుంది.

పోయిన చలికాలంలో వన్ టౌన్ దగ్గర ఒక పాత గోడౌను శుభ్రం చేయించి, హార్బరు నాడూ నేడూ అని ఎగ్జిబిషను పెట్టారు. జగ్గారావు ప్రారంభానికి ముందే తొంగిచూడ్డానికి వెళ్ళాడు. లోపల గోడంత ఫోటో ఒకటి పెట్టి ఉంది. నెత్తి మీద తట్ట, కనురెప్పల దాకా దుమ్ము, నోరంతా తెరిచి నవ్వుతున్న ఒక పడుచుపిల్ల. కింద "పేరు తెలియని కార్మికురాలు" అని రాశారు. జగ్గారావు రెండు నిమిషాలు చూసి, అది తన తల్లేనని తేల్చేశాడు. అతనికి ఆధారం ఆ నోరు. అంత నోరు ఈ భూమ్మీద ఇంకొకరికి ఉండే వీల్లేదు.

ఎగ్జిబిషను చూసుకుంటున్న సత్యశ్రీ అనే అమ్మాయికి ఆ మాటే చెప్పాడు. ఆ పిల్ల సంతోషించింది. ఇప్పటికే ఇద్దరొచ్చి ఫోటోలో ఉన్నది తామేనన్నారట. అందులో ఒకావిడ ఫోటో తీసిన ఏటికి ఇంకా పుట్టనేలేదు. శుక్రవారం ప్రారంభోత్సవానికి అమ్మగారిని తీసుకురండి, శాలువా కప్పుదాం అంది.

జగ్గారావు ఆగలేదు. సాయంత్రానికల్లా ఫ్లెక్సీ కొట్టించి వీధి చివర స్తంభానికి కట్టించాడు. "హార్బర్ ముద్దుబిడ్డ ముసలమ్మ గారికి శుభాకాంక్షలు." అందులో తల్లి బొమ్మ అరచేతంత ఉంది, నల్లకళ్ళద్దాలతో ఉన్న అతని బొమ్మ నిలువెత్తున ఉంది. అతని భార్య గౌరీశ్వరి అటూ ఇటూ చూసి, సన్మానం ఎవరికని మాత్రం అడిగింది.

ఇంత చేశాక తల్లికి ఫోన్లో ఆ ఫోటో చూపించాడు. ముసలమ్మ ఫోనును దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది నాను కాదురా. సీతాలు" అంది.

జగ్గారావు నెత్తిన పిడుగు పడినట్టయింది. సీతాలు తల్లితో కలిసి తట్ట మోసిన మనిషి. అరవై ఏళ్ళ కిందట భీమిలి వెళ్ళిపోయింది, మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. ఎవరన్నా ఆ పేరెత్తితే ముసలమ్మ మాట మార్చేసేది. కొడుకు బతిమాలాడు. ఫ్లెక్సీ కట్టేశామన్నాడు. ఒక్క గంట నోరు మూసుకుని కూర్చుంటే చాలన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పని చేయలేదని తల్లి జవాబు. సీతాలుని తెస్తే వస్తాను, లేకపోతే శాలువా నువ్వే కప్పుకో అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే జగ్గారావు భీమిలి బస్సెక్కి, పదిమందిని అడిగి ఇల్లు పట్టుకున్నాడు. సీతాలు కూతురి ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని, చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని పొగ పీలుస్తోంది. తను ఫలానా అని చెప్పి ఫోను చేతికిచ్చాడు. ఆవిడ చుట్ట తీయకుండానే చూసి, తేలిగ్గా అనేసింది.

"మీయమ్మే గదరా. ఆ నోరు సూడు."

"మాయమ్మ నువ్వంటంది, సిన్నమ్మా."

"దానికి మతి పోనాది. నా పళ్ళు ఇంత తెల్లగా ఎప్పుడున్నాయి?"

అప్పటికి పుట్టనివాళ్ళు కూడా నేనంటే నేనని ఎగబడుతున్న ఫోటోని ఈ ఇద్దరూ నువ్వంటే నువ్వని తోసుకోవడం జగ్గారావుకి అంతుపట్టలేదు. ఏదైతే అదైందని ఆవిణ్ణి బస్సెక్కించాడు. దారి పొడుగునా సీతాలు కిటికీలోంచి చూస్తూ, సముద్రం ఒక్కటే ఉంచారు, మిగిలినదంతా మార్చేశారని సణిగింది.

ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. పలకరింపులు లేవు. సన్నగా అయిపోయావని ఒకరు, చెవులు పనిచేస్తున్నాయా అని ఇంకొకరు. ఆ రాత్రి ఎడమొహం పెడమొహంగానే పడుకున్నారు. గౌరీశ్వరి మధ్యలో చాప వేసుకుంది.

శుక్రవారం గోడౌను నిండిపోయింది. పెద్దలు హార్బరు పుట్టుక గురించి మాట్లాడారు. అలలు ఆపడానికి రాళ్ళు నింపి ముంచిన పాత ఓడల గురించి, ఇప్పటి క్రేన్ల గురించి, టన్నుల గురించి మాట్లాడారు. టన్నులు మొదలెట్టాక మాత్రం ఎవ్వరూ ఆపలేదు. చివరికి సత్యశ్రీ ముసలమ్మని వేదిక ఎక్కించి, మామ్మగారూ ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పండి అని మైకు ఇచ్చింది.

ముసలమ్మ మైకు వదిలి సభలో కూర్చున్న సీతాలుని వేలితో పిలిచింది. ఆవిడ పైకొస్తే పక్కన నిలబెట్టుకుంది. తర్వాత చెప్పింది. దుమ్ములో అందరూ ఒక్కలాగే ఉండేవారట. మేస్త్రీకి ఎవరు ఎవరో తెలిసేది కాదట. అందుకని ఒకరు రాయి గుట్ట వెనకాల కునుకు తీస్తే, రెండోవాళ్ళు ఇద్దరి పేరుకీ పలికేవారట. జనం నవ్వారు. పెద్దలు కూడా కొంచెం నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు.

"ఓ దినం దీని మీద కోపమొచ్చి దీని పేరుకి పలకనేదు" అంది. "మేస్త్రీ దీన్ని తీసీసేడు. ఒలే సీతాలా, నీ కూడు పోగొట్టింది నానే. ఆ సాలువా నీదే, కప్పుకో."

జగ్గారావు ముందువరసలో కూర్చుని నేలచూపులు చూశాడు. తల్లి తప్పు ఒప్పుకోవడం అతను అరవై రెండేళ్ళలో చూడ్డం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఆ పేరెత్తనివ్వనిది పగతో అనుకున్నాడు.

సీతాలు చీరచెంగు నడుముకి దోపింది. తర్వాత మైకు అవసరం లేకుండానే గోడౌనంతా వినబడేలా అంది.

"ఓసి పిచ్చిమొకమా. మరు ఏడు బెల్టు వచ్చి నిన్నూ తీసీసింది గాదేటే. మేస్త్రీని కూడా తీసీసింది. నాను ఓ ఏడు ముందెల్లి సేపలమ్ముకున్నాను, అంతే."

"మరెందుకే ఇన్నాళ్ళూ రానేదు?"

"నువ్వు పిలవనేదు."

సత్యశ్రీ శాలువా పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. ఇంతకీ ఫోటోలో ఎవరని అడిగింది. ఇద్దరూ వెనక్కి తిరిగి మళ్ళీ పరీక్షగా చూశారు. "ఏమో అమ్మా" అన్నారు. ఇద్దరూ కాకపోవచ్చునట. అలాంటి వాళ్ళు మూడొందల మంది ఉండేవారట. శాలువా సీతాలు మీదా దండ ముసలమ్మ మెడలోనూ పడ్డాయి. కింద రాసిన "పేరు తెలియని" అలాగే ఉండిపోయింది.

తర్వాత వాళ్ళని బ్యాటరీ బండిలో ఎక్కించి ఓడలు ఆగే బెర్తుల వైపు తిప్పారు. క్రేను కొమ్ము లారీ అంత కంటైనరు పెట్టెని అగ్గిపెట్టెలా లేపి ఓడ మీద పెట్టింది. కింద కిలోమీటరు పొడుగునా ఒక్క మనిషి లేడు. ముసలమ్మ మనుషులేరని అడిగింది. ఇప్పుడు అవసరం లేదని బండి నడిపే అతను గొప్పగా చెప్పాడు.

"మరెవులితో తగువులాడుకుంటారు?" అంది సీతాలు.

మర్నాడు వెళ్ళిపోవాల్సిన సీతాలు పదకొండు రోజులుంది. మంచం ఆవిడకిచ్చేసి జగ్గారావు అరుగు మీద పడుకున్నాడు. ఇద్దరూ పొద్దున్న లేచింది మొదలు మేస్త్రీ చావు దగ్గర్నుంచి కోడలి పులుసు దాకా ప్రతిదానికీ పోట్లాడుకున్నారు, ఇల్లంతా చుట్ట కంపు. ఆఖరికి సీతాలు కూతురు నాలుగుసార్లు ఫోను చేస్తే, జగ్గారావు ఆవిణ్ణి తీసుకెళ్ళి భీమిలి బస్సెక్కించాడు. ఇంటికొచ్చేసరికి ముసలమ్మ కంచం ముందు కూర్చుని ఉంది. పులుసులో ఉప్పు లేదంటోంది. గౌరీశ్వరి రెండుసార్లు వేసింది. అయినా లేదట. ముద్ద కలిపి, పక్కన పెట్టి, లేచి చెయ్యి కడుక్కుంది.