ఆదివారం నాగా

గోదావరిఖనిలో ఆదివారం డ్యూటీకి రెట్టింపు జీతం. గని పనివాళ్లు దానికోసం పోటీపడతారు. బోటింగ్ క్లబ్బు ఇన్‌ఛార్జి పృథ్వీరాజ్ ఆ లెక్కనే రోయింగ్‌కు తెచ్చాడు. ఆదివారం తెడ్డేస్తే రెండు రోజుల సాధన కింద లెక్క. రాకపోతే నాగా.

శాలిని గని ఆఫీసులో క్లర్కు. హైదరాబాద్‌లో జరిగే రాష్ట్ర పోటీకి, ఇద్దరు నడిపే పడవలో ఒక సీటు ఆమెకు కావాలి. రెండో సీటు ధరణిది. ఎవరైనా తప్పుకుంటే క్లబ్బులో మూడో అమ్మాయి శ్రీలేఖ ఉంది. కొన్ని వారాలుగా గోదావరి బ్యారేజీ వెనుక నీళ్లలో రోజూ ప్రాణం పెట్టి తెడ్డేస్తున్నా ఇద్దరి వేగమూ తగ్గుతూ వచ్చింది. తగ్గిన ప్రతిసారీ పృథ్వీరాజ్ ఇంకో రౌండు కలిపాడు.

హైదరాబాద్‌లో శిక్షణ శిబిరానికి వెళ్లినప్పుడు ఒక కోచ్ శాలినికి చెప్పింది: ఎక్కువ రోజులు మాట్లాడుకుంటూ వేయగలిగినంత మెల్లగా వేయాలి. కొద్ది రోజులే గట్టిగా. వారానికి ఒక రోజు పడవ ముట్టకూడదు, ఒళ్లు బలపడేది ఆ రోజే. శాలిని అలాగే మొదలుపెట్టింది.

ఒడ్డున నడకకు వచ్చినవాళ్లు నవ్వారు. "ఏందక్కా, చేపలు పడ్తున్నవా?"

తండ్రి ఆమోసు రిటైరైన గని కార్మికుడు. ఆయనకూ నచ్చలేదు. "ఆదివారం చర్చికి పోయొచ్చి పండుకుంటున్నవ్. నేను ఆదివారం డ్యూటీ ఒక్కటి ఇడిసిపెట్టలే బిడ్డా."

"గందుకే గద నాయినా, మోకాళ్ల దవాఖాన నిన్ను ఇడిసిపెడ్తలేదు."

కొన్ని వారాలు గడిచాక ఒక శనివారం పృథ్వీరాజ్ ఒక్కొక్కరి చేతా విడిగా పడవ నడిపించి చూశాడు. శాలిని అందరికంటే తక్కువ సమయంలో వచ్చింది. ఆదివారాలన్నీ వచ్చిన ధరణి చివరన నిలిచింది.

"చూశావా, నేను కష్టపెట్టిన ఫలితం," అన్నాడు పృథ్వీరాజ్. "సీటు నీదే. కానీ రేపు రావాలి. ఇప్పటికే నీకు నాగాలెక్కువ."

"రాను సార్."

"అయితే శ్రీలేఖకు ఇస్తాను. ఆ అమ్మాయి ఒక్క ఆదివారం మానలేదు."

శాలిని తెడ్లు కింద పెట్టింది. గనిలో బొగ్గు మోసే బెల్టు బాధ్యత పృథ్వీరాజ్‌దే.

"వారానికొకసారి మీ బెల్టు ఆపుతరు గద సార్. ఎందుకు?"

"మెయింటెనెన్స్. ఆపకపోతే తెగుతుంది."

"మరి మేము?"

"బెల్టు వేరు, మనుషులు వేరు."

"అవు సార్. బెల్టు తెగితే మీకు మెమో వస్తది. మేం తెగితే మాకు నాగా వస్తది."

ధరణి ఇంకా పడవలోనే కూర్చుని ఉంది. చేత్తో డొక్క పట్టుకుంది.

"దిగమ్మా. ఎందుకంత బద్ధకం?" అన్నాడు పృథ్వీరాజ్.

"బద్ధకం కాదండీ, పక్కటెముక. ఊపిరి తీస్తే పోటు. చెబితే మానిపించి నాగా వేస్తారని చెప్పలేదు."

శాలిని ఆమెను ఒడ్డుకు దింపింది. "ఆమె నొప్పికి గూడ రెండు రోజుల లెక్క ఏస్తరా సార్?" గొంతు తగ్గించలేదు.

పడవ ఎత్తడానికి వచ్చిన శ్రీలేఖ ఆగిపోయింది. "సార్, రేపు నేను కూడా రాను."

"మీరెవరూ రాకపోతే పోటీకి ఎవరు వెళ్తారు?"

"నేను, శ్రీలేఖ. సోమవారం వస్తం, మెల్లగ ఏస్తం," అంది శాలిని. "పేర్లు పంపుడు మీ పని."

పృథ్వీరాజ్ తప్పయిందని అనలేదు. "సోమవారం ఎన్నింటికి?" అని అడిగాడు.

 శాలిని, శ్రీలేఖ ధరణిని నడిపించుకుంటూ ఆటో దగ్గరికి వెళ్లారు. ఒడ్డున పృథ్వీరాజ్ ఒక్కడే మిగిలాడు, పడవ నీళ్లలోనే ఉంది. క్లబ్బు పడవను ఒక్కరు ఎత్తలేరు.