గాల్లో ఉన్న బంతి ఎవరిది?

బంతి లేచింది.

ముందు తడి తోలు మీద బూటు పడ్డ చప్పుడు. ఆ వెంటనే మబ్బుల కింద... తెల్లగా, గుండ్రంగా, నింపాదిగా — బంతి.

గోల్ ముందు చిన్నది. ఇంట్లో చిన్నది, జట్టులోనూ చిన్నదే. ఆమెకు ముందు అక్క — జట్టుకు అడ్డుగోడ.

రేపే ఫైనల్. అసలు గోల్‌కీపర్ మణికట్టుకు కట్టు. చిన్నది నిలబడగలదా, లేక అక్కకే గ్లవ్స్ తొడిగి వెనక్కి పంపాలా? ఇవాళే తేల్చేస్తానంది కోచ్ మేడమ్.

అక్క వెనక్కి వెళితే ముందు గోడ ఉండదు. గోడ లేకపోతే ఫైనల్ ఇంతే సంగతులు.

చిన్నదానివి పొడుగు చేతులు. గోల్ గీత వదిలి కాస్త ముందుకొచ్చి నిలబడడం వచ్చింది. భుజం మైదానం వైపు తెరిచి ఉంచడం వచ్చింది. బంతి ఎక్కడ వాలుతుందో చూశాకే కదలడం... కదిలాక ఇక ఆగకపోవడం... ఒక మోకాలు పైకెత్తి ఎగరడం...

అన్నీ వచ్చాయి.

రానిది ఒక్క మాట.

"నాది" అని అరవాలి. అది వినగానే సొంత జట్టువాళ్ళు తప్పుకుంటారు.

చిన్నది అరిచింది — "మనది!"

మనది అంటే అక్కది కూడా కదా. అక్కా ఎగిరింది. చిన్నదాని మోచెయ్యి వెళ్ళి అక్క మూతికి తగిలింది. బంతి ఇద్దరి మధ్య నుంచి దర్జాగా వలలోకి నడిచింది.

ఇంట్లో ఇద్దరికీ ఒకే గది. ఒకే మంచం. ఒకే దువ్వెన. నాది అన్న నోటి మీద అమ్మ ఒక్కటిచ్చేది. నీదేంటి, నాదేంటి, మనది అనండి... మాటలొచ్చినప్పటి నుంచీ అదే పాఠం. నాలుక అటే తిరుగుతుంది.

మేడమ్ నవ్వలేదు.

"మనదేంటే, పొత్తు వ్యాపారమా? నేల మీద ఉన్నంతసేపే అది మనది. లేచాక ఒక్కరిదే."

ఇంకొక్క బంతి చూస్తానంది. ఒక్కటే.

అక్క పెదవి చిట్లింది. ఎర్రగా ఉమ్మేసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"రాత్రి నా దుప్పటి లాక్కునేటప్పుడు నన్ను అడుగుతావా? అలాగే లాక్కో."

బూటు చప్పుడు.

ఈసారి గాలి కూడా ఆటలోకి దిగింది. బంతి పక్కకి... ఇంకాస్త పక్కకి...

ఆగు. ఆగు. కాళ్ళు ఉరకమంటున్నాయి. కళ్ళు వద్దంటున్నాయి.

ఇప్పుడు!

భుజాలు. మోచేతులు. బురద. దారికడ్డంగా అక్క వీపు — వెడల్పుగా, కదలకుండా.

చిన్నది గుండెల నిండా గాలి పీల్చింది.

"నాది!"

ఆ గొంతు ఎవరిదో ఆమెకే తెలియలేదు. మైదానం మొత్తానికీ తెలిసింది.

అక్క వెనక్కి తిరిగి చూడలేదు. చటుక్కున తల వంచి తప్పుకుంది.

మోకాలు లేచింది. నేల వదిలింది. చేతులు ఇంకా పైకి... ఇంకా... బొటనవేళ్ళు దగ్గరికొచ్చాయి —

వాటి మీద మబ్బులు. మబ్బుల కింద తెల్లగా, గుండ్రంగా...

వస్తోంది.