వెర్నా తుపాకీ నేర్చుకున్న చోటు

మా అక్క వెర్నా ఆర్కన్సా కొండల్లో ఉన్న మా ఊళ్లో బట్టలుతికే షాపు నడిపేది. శీతాకాలంలో ఒక పొద్దున, విడాకులిచ్చిన మొగుడు డెల్బర్ట్ లోపలికొచ్చి, ఆమె జుట్టు పట్టుకుని తలను ఆరబెట్టే మిషను తలుపుకేసి బాదాడు. అద్దం పగిలింది. చెంప ఎముక విరిగింది, నుదురు చీలింది. షాపులో ఉన్నవాళ్లు ఈడ్చేదాకా వదల్లేదు. వాణ్ని జైల్లో పెట్టారు గాని, ఎండలు ముదిరేలోపే బయటికొస్తాడని లాయరు చెప్పాడు.

తుపాకీ నేర్చుకుంటానంది అక్క. ఇంటింటా తుపాకులుండే మా వైపు దాన్ని ముట్టనిది మేమిద్దరమే. మా నాన్న పాస్టరు, తుపాకీని గుమ్మం దాటి రానిచ్చేవాడు కాదు. ఎక్కడ నేర్చుకోవాలని అడిగితే అందరూ తుపాకుల కొట్టు రస్టీ పేరే చెప్పారు. సరదా మనిషి, మొదటిరోజే కాల్పిస్తాడన్నారు.

ఆ శనివారం రస్టీ తరగతికి జనం బాగానే వచ్చారు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. అక్క ఏదో అడగబోతే అతను ఆపేశాడు.

“మాటలతో ఏమొస్తుంది చెల్లెమ్మా? నాలుగు సార్లు పేలిస్తే భయం అదే పోతుంది.”

చేతిలో పెద్ద పిస్తోలు పెట్టాడు. పేల్చగానే అది ఎగిరి నుదుటికి తగిలింది, పాత గాయానికి వేసిన కుట్లు తెగాయి. రస్టీ నవ్వాడు. అక్క నెత్తురు తుడుచుకుంటూ ఉండగా, పక్కనున్నతను ఫొటో దిగడానికి, తీయబోతున్న పెళ్లాం వైపు తుపాకీతో సహా తిరిగాడు. వేలు మీట మీదే ఉంది. పేలింది.

ఆ అమ్మాయి ఉన్నచోటే కూలబడింది. తొడలోంచి నెత్తురు చిమ్ముతోంది. మొగుడు తుపాకీ వంక చూస్తూ నిలబడిపోయాడు. ఎవరూ కదలొద్దని రస్టీ అరిచాడు, తనూ కదల్లేదు. అక్క మోకాళ్ల మీద పడి, రెండు పిడికిళ్లూ గాయంలోకి దించేసి, ఒంటి బరువంతా మోపింది. చచ్చిపోతానా అని ఆ అమ్మాయి అడుగుతూనే ఉంది. అంబులెన్సు వచ్చేసరికి అక్క మోచేతుల దాకా ఎర్రగా ఉంది. ఆ అమ్మాయి బతికింది. కాలు తీసేశారు.

ఇమోజీన్ స్ట్రౌడ్ దగ్గరికి పొమ్మన్నది ఆ అంబులెన్సు నడిపినావిడే. ఇమోజీన్ ఒకప్పుడు పోలీసు. ఇంటి వెనక కొట్టంలో ఒక్కొక్కరికే నేర్పేది. వారాల తరబడి తూటా ముట్టనివ్వదని ఆమె దగ్గరికి ఎవరూ పోయేవారు కాదు. అక్క వెళ్లగానే, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని ఆమె అడిగింది.

“డెల్బర్ట్ పొట్టలో చిల్లు పెట్టాలని రోజూ అనుకునేదాన్నమ్మా,” అంది అక్క. “మొన్న ఆ పిల్ల తొడలో చేతులు పెట్టాను. నెత్తురు ఎంత వేడిగా ఉంటుందో ఇప్పుడు తెలుసు.”

“అయినా నేర్చుకుంటావా?”

“వాడొస్తాడు.”

ఇమోజీన్ ఖాళీ తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత అక్క ఒక్క పాఠం కూడా మానలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం వంటింట్లో బంగాళదుంపలు తరుగుతున్నాం. వెనక తలుపు బద్దలైంది. డెల్బర్ట్ చేతిలో ఇనపకడ్డీ ఉంది. అడ్డం వెళ్లిన నన్ను కొట్టాడు. నా ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. అక్క తన గదిలోకి పరిగెత్తి, తుపాకీతో తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

“ఆగు డెల్బర్ట్. కాలుస్తాను.”

“నీకంత దమ్ము ఎక్కడిదే?”

కడ్డీ ఎత్తి ముందుకొచ్చాడు. అక్క రెండుసార్లు కాల్చింది. వాడు సింకు అంచు పట్టుకోబోయి, గిన్నెలతో సహా కింద పడ్డాడు. ప్రాణం తొందరగా పోలేదు. అక్క తుపాకీ దించకుండానే పోలీసులకు ఫోను చేయమని నాతో చెప్పింది.

అక్క మీద కేసు పెట్టలేదు. చర్చి వాళ్లు వంటలు తెచ్చి, మంచి పని చేశావని భుజం తట్టిపోయారు. వాళ్లు వచ్చినప్పుడల్లా అక్క స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకునేది.

కొన్నాళ్లకు డెల్బర్ట్ తల్లి ఫోను చేసింది. పెట్టెయ్యమని సైగ చేశాను. అక్క వినలేదు. ఆవిడ తిట్టింది, శాపాలు పెట్టింది, చివరికి వాడు పోయేముందు ఏమన్నా అన్నాడా అని అడిగింది.

“నిన్నే పిలిచాడు అత్తయ్యా,” అంది అక్క.

ఆ తర్వాత చాలాసేపు ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.