జేబులో పెట్టిన మాత్రల డబ్బా

గౌరీశంకర్‌కి మనుషులంటే గిట్టదు. భార్య వసుమతి పోయాక ఓదార్చడానికొచ్చిన వాళ్ళలో ఎవరు ఎన్నిసార్లు గడియారం చూసుకున్నారో ఆయనకింకా గుర్తే. నడుం ఆపరేషనప్పుడు ఇచ్చిన నొప్పి మాత్రలు ఆ దుఃఖానికి కూడా పనిచేశాయి. రెండేళ్ళలో అవి పడందే పొద్దు గడవని స్థితి వచ్చింది. అమెరికాలో, చాండ్లర్ ఊళ్ళోని కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఒకరోజు మెషిన్ ముందు నిలబడే తూగుతుంటే సూపర్‌వైజర్ కంటపడ్డాడు.

కంపెనీ మూడు నెలలు సెలవిచ్చి షరతు పెట్టింది. క్లినిక్‌కి వెళ్ళాలి. మొదటి నెల గడిచాక ప్రతి సోమవారం మూత్ర పరీక్ష. అందులో రెండుసార్లు మాత్ర బయటపడితే ఉద్యోగం లేదు.

క్లినిక్‌లో పదిమంది గుండ్రంగా కూర్చుని ఏడ్చుకునే గదిలోకి ఆయన అడుగుపెట్టనన్నాడు. అక్కడి కౌన్సెలర్ విసుక్కోకుండా ఒక మూల గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది.

"మనిషి కాదు కదా, సరే" అన్నాడు గౌరీశంకర్.

కంప్యూటర్‌లో చిన్న సినిమా. ఒకడికి స్నేహితుడు మాత్రలిస్తాడు, వాడు పుచ్చుకుంటాడు, బతుకు చెడుతుంది. మళ్ళీ అదే సీను మొదటినుంచీ. ఈసారి వాడు వద్దంటాడు. తర్వాత ప్రశ్నలు: వాడేం చేశాడు? నువ్వైతే ఏం చేస్తావు? గౌరీశంకర్ ఒక్క వేలుతో కొట్టేవాడు. ఒక్క వాక్యానికి పావుగంట పట్టినా అది ఆవలించలేదు. అయ్యో పాపం అనలేదు. ఊరిబళ్ళో నిదానంగా రాస్తాడని చింతబరికెతో వీపు చీరిన పంతులుకన్నా ఇదే నయమనిపించింది. వారానికి రెండుసార్లు రమ్మంటే మూడుసార్లు వెళ్ళాడు. నెల తిరిగేసరికి మాత్రలు మానాడు. తర్వాత రెండు సోమవారాలు పరీక్షలో ఏమీ లేదు.

ఆయన గడప తొక్కే ఇల్లు ఒక్కటే మిగిలింది, డాక్టర్ మల్లికార్జునరావుది. ఆదివారం భోజనం అక్కడే. సెలవెందుకని వాళ్ళడిగితే నడుం నొప్పి అన్నాడు. అసలు మాట చెప్పడానికి నోరు రాలేదు.

"కాస్త పప్పు వేసుకోండి అన్నయ్యగారూ" అంది డాక్టర్ భార్య భానుమతి.

"వద్దమ్మా, చాలు."

గరిటెడు పప్పు పడింది. తెలుగిళ్ళలో మొదటి వద్దు లెక్కలోకి రాదు.

"ఏవయ్యా శంకరం, కుర్చీలోంచి లేవడానికే అంత అవస్థ పడుతున్నావ్" అంటూ డాక్టర్ లోపలికెళ్ళి, గౌరీశంకర్ మానేసిన ఆ మాత్రల డబ్బానే తెచ్చాడు. "నా మోకాళ్ళకి రాయించుకున్నవి. ఉంచుకో."

"ఇప్పుడొద్దులెండి డాక్టరుగారూ."

"బాగానే ఉంది మొహమాటం!" డాక్టర్ ఆ డబ్బా ఆయన చొక్కా జేబులో దోపి, పైన తట్టాడు.

ఇల్లు చేరకముందే కారు పక్కకి ఆపి రెండు మింగాడు గౌరీశంకర్. సోమవారం పరీక్షలో బయటపడింది. ఇంకొక్కసారి దొరికితే ఉద్యోగం పోతుంది.

కౌన్సెలర్‌కి చెప్పాడు, ఏదో లెక్చరిస్తుందనుకుని. ఆమె మిగిలిన మాత్రలు తీసుకుని, మూల గది తలుపు తెరిచింది. కంప్యూటర్ అడిగింది: ఎవరిచ్చారు? నువ్వు ఏమన్నావు? ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. కారణం చెప్పావా? మళ్ళీ ఇవ్వొద్దని అడిగావా? వచ్చేసారి ఏమంటావు? ఆ చివరి ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పుడొద్దులే అంటే తర్వాత ఇవ్వమని తనే చెప్పినట్టు. తిట్టడానికి ఈసారి తను తప్ప ఎవరూ దొరకలేదు. కంప్యూటర్ ఊరుకుంది, ఆయన కొట్టేదాకా.

ఆ తర్వాతి ఆదివారం డాక్టర్ అడక్కముందే నోరు విప్పాడు.

"డాక్టరుగారూ, ఆ మాత్రలు నాకు వ్యసనం. మానడానికి క్లినిక్‌కి వెళ్తున్నాను. మీరిచ్చినవి మింగి పరీక్షలో దొరికిపోయాను. ఇంకెప్పుడూ ఇవ్వకండి."

భానుమతి చేతిలో గిన్నె కింద పెట్టింది.

"ఛ, ఏం మాటలయ్యా అవి! నువ్వేమన్నా గంజాయి తాగుతున్నావా? ఒక్క మాత్రకి..." డాక్టర్ నవ్వుతూ లేవబోయాడు.

"లేవకండి. మీరు లోపలికెళ్తే నేను బయటికెళ్తాను."

డాక్టర్ మొహం మాడిపోయింది. "అన్నం పెట్టే ఇంట్లో ఇలాగేనా మాట్లాడేది?"

"ఇలాగే. ఇంకోలా చెప్తే మీకు వినబడలేదు."

"ఊరుకోండి మీరు" అంది భానుమతి మొగుడితో. "ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యగారూ?"

"వసుమతి పోయినప్పట్నుంచీనమ్మా."

డాక్టర్ పెరుగన్నం కూడా తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఆ ఇంటినుంచి ఆదివారం భోజనానికి రమ్మని ఫోన్ రాలేదు. గౌరీశంకరూ చెయ్యలేదు. మొదటిసారి డాక్టర్ తెలియక ఇచ్చాడు, సరే. తెలిశాక కూడా నవ్వినందుకు క్షమించే ఉద్దేశం ఆయనకి లేదు.

ఆ సోమవారం పరీక్షలో ఏమీ లేదు. తర్వాతి సోమవారాల్లోనూ లేదు. ఫ్యాక్టరీ నుంచి పనిలో చేరమని కాగితం వచ్చింది.

చివరి రోజున కంప్యూటర్ ఒక ఖాళీ గడి చూపించి, ఈ ప్రోగ్రాం బాగుపడాలంటే ఏం చెయ్యాలో రాయమంది. తనని ఎవరైనా సలహా అడిగి ఎన్నేళ్ళయిందో గౌరీశంకర్‌కి గుర్తులేదు. ముందు థాంక్యూ అని కొట్టాడు. అది చాలదనిపించి, తన పేరూ ఇంటిపేరూ పూర్తిగా కొట్టాడు. కింద ఇంకో వాక్యం చేర్చాడు: "మీ సినిమాల్లో మాత్రలిచ్చే వాళ్ళంతా చెడ్డవాళ్ళే. అన్నం పెట్టి, ప్రేమగా ఇచ్చేవాళ్ళని కూడా ఒకరిని పెట్టండి."

పంపే ముందు స్పెల్లింగులు సరిచూడమని కౌన్సెలర్‌ని లోపలికి పిలిచాడు. ఆమెకి కుర్చీ కూడా జరిపాడు.