పడగొట్టిన గోడ

మేస్త్రీ, వడ్రంగి, రంగులవాళ్లు ఎవరి సామాను వాళ్లు సర్దుకుని, "ఇంక ఓసారి ఊడ్చుకుంటే అయిపోతుందండీ" అని చెప్పి వెళ్లిపోయాక దుమ్మక్క వస్తుంది. ఆ "ఓసారి" అన్న మాట వింటే ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. ఓసారి ఊడిస్తే పోయేదానికి తనని పిలిపించుకోవడం దేనికి? సిమెంటు దుమ్ము, రంపపు పొట్టు, టైల్స్ కోసిన పొడి ఒక ఇంట్లో ఎన్నెన్ని చోట్ల దాక్కుంటాయో ఇరవై రెండేళ్లుగా వెతుకుతున్న మనిషి. ఆవిడ అసలు పేరు ఏమిటో పిలిచేవాళ్లకి తెలీదు. అడిగితే ఆవిడ కూడా కాసేపు ఆలోచించి చెప్పాలి.

ముక్కుకి గుడ్డ కట్టుకుని పై నుంచి కిందికి, లోపలి గది నుంచి గుమ్మం వైపు వస్తుంది. ముందు ఫ్యాను రెక్కలు, తర్వాత లైట్లు, ఆ తర్వాత తలుపుల పైఅంచులు. కిటికీ జారే గాడుల్లో గడ్డకట్టిన దాన్ని పాత టూత్‌బ్రష్‌తో తోడుతుంది. టైల్స్ మీద రంగు చుక్కల్ని బ్లేడుతో గీకుతుంది. పొడి చీపురు రెండుసార్లు తిరిగేదాకా తడిగుడ్డ జోలికి పోదు. గాల్లో తేలే దుమ్ము రాత్రికి దిగుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ మొదలు. మామూలు ఇల్లయితే మూడు రోజుల పని.

ఈ ఇంట్లో ముగ్గురే. ఇంటాయన, ఇంటావిడ, ఇంటాయన అక్క. ఆ అక్కగారు పెళ్లీ గిళ్లీ వద్దనుకుని, మిషను మీద బట్టలు కుట్టుకుంటూ, తమ్ముడి పెళ్లికి ముందు నుంచీ ముందుగదికి ఆనుకున్న గదిలో ఉంటోంది. ఇప్పుడా గది లేదు. మధ్య గోడ కొట్టించి రెండు గదుల్నీ ఒక హాలు చేశారు. అలా చేయిద్దామన్నది ఇంటావిడ. అక్కగారికి వెనకాల సామాన్ల గది ఖాళీ చేసి ఇచ్చారు. ఆవిడ "సరే" అంది. అంత తేలిగ్గా సరే అందంటే లోపల ఏదో పెట్టుకునే ఉంటుందని ఇంటావిడకి ఆ రోజు నుంచీ అనుమానం.

మొదటిరోజు దుమ్మక్క పదకొండు మూటల దుమ్ము ఎత్తి, మూతులు బిగించి కట్టి బాల్కనీలో పెట్టి వెళ్లింది. రెండోరోజు పొద్దున వచ్చేసరికి మూటల ముడులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, మూటలు మాత్రం వడలిపోయి ఉన్నాయి. హాల్లో, గోడ ఉండే చోట, ఈ చివర నుంచి ఆ చివరకి మడమెత్తు దుమ్ము నిలబడి ఉంది. అంచులు తాపీ పెట్టి దిద్దినంత నున్నగా ఉన్నాయి. తలుపు ఉండే చోట మూడడుగుల ఖాళీ కూడా వదిలింది.

"లేచిందా?" అంది ఇంటావిడ వంటింట్లోంచి, పాలు పొంగాయా అని అడిగినంత మామూలుగా.

"లేచిందమ్మా. మడమదాకా."

పడగొట్టిన గోడ దుమ్ము ఒక్కోసారి అలా లేస్తుందని తెలియనిదెవరికి? ఇంట్లో పడుకునేవాళ్లలో ఎవరో ఒకరు ఆ గోడని మనసులోంచి వదలకపోతే లేస్తుంది. మేస్త్రీలు దాన్ని పిలుపు అంటారు. పిలుస్తున్నవాళ్లు ఆ రాత్రి ఇంట్లో లేకపోతే లేవదు. చిక్కల్లా ఏమిటంటే, తాను పిలుస్తున్నానని పిలిచేవాళ్లకే తెలీదు. అందుకే ఇలాంటి ఇళ్లలో దుమ్ము ఎత్తడం సులువు, ఇంట్లోవాళ్ల చూపులు తట్టుకోవడమే కష్టం అంటుంది దుమ్మక్క.

ఇంటాయన మేస్త్రీకి ఫోన్ చేశాడు. "మా పని మేం శుభ్రంగా చేశాం సార్. మీలో ఎవరో మీరే తేల్చుకోండి. నడుందాకా వచ్చిందంటే ఇక ఊడిస్తే పోదు" అని మేస్త్రీ పెట్టేశాడు.

ఆ రోజంతా ఆ ఇంట్లో ఒకరినొకరు ఓరగా చూసుకోవడమే. అంత పెద్ద హాల్లో ఆడవాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మాటలు మాత్రం దుమ్మక్కతో అన్నారు.

"ఆవిడకి చెప్పు, కాఫీ చల్లారిపోతోందని" అంది ఇంటావిడ.

"తాగుతానని చెప్పు."

"నేను దుమ్ము మొయ్యడానికి వచ్చానమ్మా, మాటలు మొయ్యడానికి కాదు" అంది దుమ్మక్క. ఇద్దరూ నవ్వలేదు.

ఇంటాయన బాల్కనీలోకి వచ్చి గొంతు తగ్గించాడు. "దుమ్మక్కా, నిజం చెప్పు. నేనేనంటావా? నా టీవీ ఆ గోడకే ఉండేది."

"టీవీ కోసం గోడలు లేవవు సార్."

"అయితే అక్కే" అన్నాడాయన, అంతలోనే అన్నందుకు నొచ్చుకున్నాడు.

దుమ్మక్క అనుమానమూ అక్కగారి మీదే. గది పోయింది ఆవిడకి కదా! సామాన్ల గదిలో మిషను పట్టక దాన్ని హాలు మూలన దుప్పటి కప్పి పెట్టారు. ఆవిడ ఒక్క మాట అనలేదు. అనని మాట ఎక్కడికి పోతుంది, దుమ్ములోకే పోయి ఉంటుందని దుమ్మక్క లెక్క. కానీ ఒక సంగతి ఆ లెక్కలో కుదరలేదు. హాలంతా తెరిపిగా ఉన్నా ముగ్గురూ పాత తలుపు ఉండే చోటికి వెళ్లి, అక్కణ్నుంచే అటూ ఇటూ దాటుతున్నారు. ముగ్గురివీ అవే అడుగులు. నేల మీద జాడ చూసి మనిషిని చెప్పగలనని గొప్పలు పోయే దుమ్మక్కకి ఆ అడుగులు చూస్తే తల తిరిగింది.

మూడోరోజు దుమ్ము మోకాలిదాకా వచ్చింది. ఊడ్చింది. నాలుగోరోజు తొడదాకా వచ్చింది. అది ఊడ్చేసరికి మధ్యాహ్నమైంది. ఇంటావిడ ఒంటికాలి మీద లేచింది.

"ఇంకా దాపరికం ఎందుకండీ? గది పోయిన బాధ ఎవరికుంటుంది? నాకుంటుందా? కొట్టించమన్నదే నేను! ఆవిణ్ని ఓ రాత్రి మీ చిన్నతమ్ముడింట్లో ఉంచి చూడండి. దుమ్ము లేవలేదంటే తేలిపోతుంది కదా."

"లేవకపోతే?" అన్నాడు ఇంటాయన.

"లేవకపోతే ఆవిడ అక్కడే ఉంటుంది. ఆయన మాత్రం తమ్ముడు కాదా ఏంటి?"

చిన్నతమ్ముడి ఇల్లు వేరే ఊళ్లో, బస్సులో మూడు గంటల దూరం. పైఅంతస్తులో రెండు గదుల ఇల్లు, ఐదుగురు మనుషులు. అక్కడ మిషను వేసుకునే చోటు లేదు, తన చేత బట్టలు కుట్టించుకునేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. ఈ ఇల్లు తప్పితే అక్కగారికి మిగిలేది ఒక మంచం అంచు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, దుమ్మక్కకీ తెలుసు. ఇంటాయన తల దించుకుని బస్సు వేళలు చూశాడు. అక్కని దింపడానికి వెళ్లినవాడు ఆ రాత్రికి తిరిగి రాలేడు కాబట్టి ఇంట్లో ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. ఉంటే ఏం, ఆవిడ పిలిచే మనిషి కాదుగా అనుకున్నారు అందరూ.

ఒక్క రాత్రికి వెళ్లే మనిషి రెండు సంచులు సర్దుకుంది. గుమ్మంలో ఆగి, ఇంటావిడ వైపు చూడకుండా దుమ్మక్కతో అంది: "ఆ మూల కిటికీ గాడిలో ఇంకా పొట్టుంది. చూసుకో."

"చూసుకుంటాను పెద్దమ్మగారూ" అంది దుమ్మక్క. అనుమానించి తప్పు చేశానేమోనని అప్పుడు మొదటిసారి అనిపించింది. కానీ దుమ్మక్క మాట ఎవరడిగారు?

మర్నాడు పొద్దున దుమ్మక్క పని కోసం తనకిచ్చిన తాళంచెవితో తలుపు తీసింది. తీసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

దుమ్ము భుజాలదాకా లేచి ఉంది. ఇన్నాళ్లూ ఇంతింతగా పెరిగినది ఒక్క రాత్రిలో అంతెత్తుకు వచ్చేసింది. తలుపు జాగా అటూ ఇటూ తీర్చిదిద్దినట్టుంది. మేకు దిగిన చిన్న గుంట కూడా ఉండాల్సిన చోట ఉంది. ఇవతలి పక్క, నేల మీద, నిన్నటి బట్టల్లోనే ఇంటావిడ కూర్చుని ఉంది.

"తాళంచెవి నీ దగ్గరుందిగా" అంది దుమ్మక్కని చూడగానే. "నువ్వే ఏదో చేశావు."

"దుమ్ముని ఇంత నున్నగా నిలబెట్టే చెయ్యి నాకుంటే మేస్త్రీనే అయ్యేదాన్నమ్మా. ఈ చీపురెందుకు?"

"అయితే ఆయనే. అక్కణ్నుంచి పిలిచి ఉంటారు."

"అయ్యగారు ఇక్కడ పడుకోలేదు కదమ్మా."

"మరి?"

రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారో లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలు. ఆ వేలు దుమ్మక్క ఎత్తదలుచుకోలేదు. వెళ్లి అక్కగారు చెప్పిన కిటికీ గాడిలో పొట్టు తోడడం మొదలుపెట్టింది.

"కొట్టించమన్నది నేనే" అంది ఇంటావిడ, ఈసారి నెమ్మదిగా. "నా నోటితో నేనే అన్నాను."

"అవునమ్మా."

"నాకూ ఆవిడకీ ఎదురుపడితే పడేది కాదు. వచ్చిన కొత్తల్లో నుంచీ అంతే. కూర ఎలా తరిగినా తప్పే, తలుపు ఎలా వేసినా తప్పే. కానీ మధ్యాహ్నాలు ఆవిడ అటు మిషను దగ్గర కూర్చునేది, నేను ఇటు చాప వేసుకునేదాన్ని. అప్పుడు మాట్లాడుకునేవాళ్లం. పద్దెనిమిదేళ్లు, రోజూ. గోడకి అటొకళ్లు ఇటొకళ్లు ఉంటే ఏ మాటైనా వచ్చేసేది. మళ్లీ సాయంత్రం ఎదురుపడితే మామూలే, ముఖాలు తిప్పుకోవడం."

దుమ్మక్క బ్రష్ ఆపింది.

"నాకు కడుపు పోయినప్పుడు చుట్టాలందరూ వచ్చి నా ముఖంలోకి చూసి చూసి ఏడ్చారు. నాకు ఒక్క చుక్క రాలేదు. మధ్యాహ్నం ఆవిడే గోడవతల నుంచి అంది, 'ఏడవ్వే అమ్మాయ్, నేను మిషను తొక్కుతూనే ఉంటా, ఎవరికీ వినపడదు' అని. సాయంత్రందాకా తొక్కింది. ఆ రోజు ఏం కుట్టిందో నేనెప్పుడూ అడగలేదు."

"మరెందుకు కొట్టించావమ్మా?"

ఇంటావిడ ఆ ప్రశ్నకి నిజంగానే ఆలోచించింది. "పెద్ద హాలు కావాలనిపించింది" అంది. "అది గోడే కదా అనుకున్నాను. హాలు వచ్చాక ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. చెప్పడానికి నోట్లో ఒక్క మాట లేదు. నాకు భయమేసింది. ఆవిడే మాట్లాడడం మానేసిందనుకున్నాను. నా మీద ఏదో పెట్టుకుందనుకున్నాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడిచినచోట దుమ్ము చారలైంది.

తర్వాత ఫోన్ తీసి భర్తకి చేసింది. "లేచింది. ఆవిణ్ని తీసుకుని వచ్చెయ్యండి."

"అయితే అక్క కాదన్నమాట! మరెవరు?" అన్న గొంతు దుమ్మక్కదాకా వినపడింది.

"రమ్మన్నానా!" అని ఫోన్ పెట్టేసింది.

దుమ్మక్క మెత్తటి చీపురు తీసుకుని గోడ దగ్గరికి వచ్చింది. అలవాటు. చెయ్యి ఎత్తిందో లేదో ఇంటావిడ లేచి అడ్డం నిలబడింది.

"ఇవాళ ఊడవొద్దు."

ఇరవై రెండేళ్లలో ఎవరూ దుమ్మక్కకి చెప్పని మాట అది. దుమ్మక్క చీపురు దించి, మిగతా ఇల్లంతా తుడిచింది. తడిగుడ్డ పెట్టేటప్పుడు ఆ గోడ మొదట్లో తడి తగలకుండా జానెడు వదిలింది.

మధ్యాహ్నం రెండింటికి వాళ్లొచ్చారు. ఇంటాయన ముందు, రెండు సంచులతో. వెనక అక్కగారు. ఆవిడ ముందు గోడని చూసింది, తర్వాత దాని ముందు నిలబడ్డ మరదల్ని చూసింది. ఇంటావిడ నోరు తెరిచింది, మూసింది. ఎదురుగా ఉంటే రాలేదు. పాపం, పొద్దుట్నుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో!

అక్కగారు చెప్పులు విడిచి, తలుపు జాగాలోంచి అటుపక్కకి వెళ్లింది. కుర్చీ జరిపిన చప్పుడైంది. ఇంటావిడ ఇటుపక్క నేల మీద చతికిలబడింది. ఇంటాయన ఏదో అడగబోతే దుమ్మక్క వేలు పెదవుల మీద పెట్టింది.

కాసేపటికి అటు నుంచి గొంతు వచ్చింది. "అమ్మాయ్, వాళ్లింటికి మెట్లెన్నో తెలుసా?"

"ఎన్ని వదినా?"

"నలభై రెండు. మోకాళ్లు పట్టేశాయి."

"కాపడం పెట్టుకోకపోయావా?"

"వేణ్నీళ్లు ఎవర్నడగను? అక్కడ అందరూ హడావుడి మనుషులు."

తర్వాత ఇంటావిడ గోడ వైపు ముఖం తిప్పి, కళ్లు మూసుకుని అంది: "పిలిచింది నేనే వదినా. నింద నీ మీద వేశాను."

"ఊఁ."

"తప్పు నాదే."

"వింటున్నాలే. చెప్పు."

"ఇంకెక్కడికీ వెళ్లకు వదినా. నువ్వు లేకపోతే నాకీ ఇంట్లో తోచదు."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. "వెళ్లనులే. వెళ్లమన్నా వెళ్లను. ఏడిస్తే ఏడువు, నేను చూడ్డం లేదు" అంది అక్కగారు.

ఇంటాయన సంచులు కింద పెట్టి, గబగబా బాల్కనీలోకి వెళ్లి మేస్త్రీకి ఫోన్ చేశాడు. రేపు ఇటుకలు వేయించమన్నాడు. మేస్త్రీ నమ్మలేదు. కొట్టించి నెల తిరగలేదు, వేళాకోళమా అన్నాడు. కాదని ఒట్టేశాక, ఎంతెత్తు కట్టాలో చెప్పమన్నాడు.

ఇంటాయన వెనక్కి తిరిగి హాల్లోకి చూశాడు. లోపల ఇద్దరూ చిన్నతమ్ముడి పెళ్లాం వంట గురించి మాట్లాడుకుంటున్నారు. భుజాలదాకా ఉండిన దుమ్ము వాళ్లు మాట్లాడుకుంటుండగానే చప్పుడు లేకుండా పైకి పాకింది. అటువైపు కూర్చున్న అక్క ఆయనకి కనపడలేదు.

"పైదాకా" అన్నాడు.