ఏడో కుర్చీకి పంచిన ముక్కలు

వెర్లీన్ టాస్కర్ పేకను బల్ల మీద పరిచి, రెండు అరచేతులతో గుండ్రంగా కలుపుతోంది. మంగళవారం పోకర్ పోటీ మొదలై గంట దాటింది. రీనో ఊళ్లోని ఆ చిన్న క్యాసినోలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే: కలపడం, పంచడం, గెలిచినవాళ్ల వైపు పందెం బిళ్ళలు తోయడం. వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. తనకోసమని ఒక్క ముక్క కూడా ఏనాడూ ఎత్తి చూసుకోలేదు.

ఏడో కుర్చీలో ఓరిన్ బ్లేలాక్. ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగం. సెలవు మంగళవారం. పదకొండేళ్లుగా ప్రతి మంగళవారం వస్తాడు, భోజనాల వేళకు ఓడి వెళ్లిపోతాడు. ఎలా ఓడతాడో వెర్లీన్‌కు కంఠతా వచ్చు. ఒకే రంగువి నాలుగు ముక్కలు కుదిరి ఐదోది రావాల్సి ఉంటే, ఎదుటివాడు ఎంత పెడితే అంతా పెట్టి నోరు మూసుకుని ఎదురుచూస్తాడు. ఆ కాసేపూ ఆయన మెడ మీద ఒక నరం టకటకా కొట్టుకుంటుంది. అది చూసి బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ సంగతి తెలిసిపోతుంది. ముక్క రాదు. ఆమెకు తల ఊపి వెళ్లిపోతాడు.

ఆ రోజు మాత్రం మొదటినుంచీ గెలుస్తూనే ఉన్నాడు. విరామం వేళకి ఆయన ముందు బిళ్ళలు గోడలా లేచాయి. కాఫీ దగ్గర వెర్లీన్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. కళ్ళజోడు కింద ముఖం మైనంలా పాలిపోయి ఉంది. ఒంట్లో బాగుందా అని అడిగితే, ఎడమ భుజం లాగుతోందనీ, మీటర్ల మూతలు ఎత్తీ ఎత్తీ అది మామూలేననీ అన్నాడు.

"ఇన్నాళ్లూ తప్పు ఆడాను వెర్లీన్. నాలుగు బిళ్ళలున్నవాడు భయపడాలి గానీ, ఇంత కుప్ప పెట్టుకుని ఎదురుచూడ్డమేంటి? ముందు నేనే తోసెయ్యాలి. ఎదుటివాడు భయపడి ముక్కలు పడేశాడా, గెలిచాను. పడెయ్యలేదా, నాకు ఐదో ముక్క రావచ్చు. రాకపోయినా కుర్చీలోంచి లేచేది నేను కాదు."

ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ ఊపులోనే, ఆట అయ్యాక వీధి చివరి హోటల్లో తనతో కలిసి తింటావా అని అడిగేశాడు. పంచేవాళ్లు ఆడేవాళ్లతో బయట తిరగకూడదని అక్కడి కట్టడి.

"పని అయ్యాక చెప్తాలే," అంది. చెప్పబోయేది ఏమిటో ఆమెకు అప్పటికే తెలుసు.

విరామం తర్వాత మూడో పంపకం. ఇద్దరే మిగిలాక, వెర్లీన్ బల్ల మధ్య ఇద్దరికీ చెల్లే మూడు ముక్కలు తెరిచింది: ఆటీను రాణి, ఆటీను జాకీ, ఇస్పేటు మూడు. టైర్ల దుకాణం నడిపే కర్టిస్ డెమర్ కొన్ని బిళ్ళలు పెట్టాడు. ఓరిన్ ఎదురుచూడలేదు. రెండు చేతులూ చాచి గోడలో సగం ముందుకు తోశాడు. డెమర్ ఒప్పుకుంటే ఉన్నదంతా పెట్టాలి, ఓడితే ఇంటికి పోవాలి. ఓరిన్ ఓడినా ఇంకా సగం మిగులుతుంది.

డెమర్ ఆలోచనలో పడ్డాడు. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం.

"ఏం పెద్దాయనా, ఆటీన్ల కోసమేనా? ఎప్పుడూ అదేగా నీ పిచ్చి," అని కదిపి చూశాడు.

ఓరిన్ పలకలేదు. ముక్కల మీద చెయ్యి పెట్టి, డెమర్ భుజం పక్కనుంచి ఎటో చూస్తున్నాడు. డెమర్ ముందుకు వంగి ఆయన మెడ చూశాడు. వెర్లీన్ కూడా చూసింది. నరం కొట్టుకోవడం లేదు. పదకొండేళ్లలో మొదటిసారి అక్కడి చర్మం నున్నగా, కదలకుండా ఉంది. ఆమె ఆయన్ని పిలవబోయి ఆగింది. ఆటగాడు ఆలోచిస్తుండగా పంచేవాళ్లు నోరు విప్పకూడదు.

"లేదు. ఇవాళ ముసలాయన దగ్గర నిజంగానే ముక్క ఉంది," అని గొణుగుతూ డెమర్ తన ముక్కలు తిప్పి చూపించి పడేశాడు. రెండు రాజులు.

వెర్లీన్ బిళ్ళలన్నీ ఓరిన్ వైపు తోసింది. ఆయన చెయ్యి చాచలేదు.

అంబులెన్స్ వాళ్లు వచ్చి ఆయన్ని కుర్చీలోంచి ఎత్తుతుంటే చేతి కింది ముక్కలు తిరగబడ్డాయి. ఆటీను తొమ్మిది, ఆటీను పది. బల్ల మీది రెండింటితో కలిపి నాలుగే, ఐదోది ఇంకా రాలేదు. ప్రాణం ఎప్పుడు పోయిందో తేల్చడానికి, చివరిసారి ఎప్పుడు మాట్లాడాడని వాళ్లు అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

"మరి నేనెవరికి భయపడి పడేశాను?" అన్నాడు డెమర్.

అరగంట ఆగి పోటీ మళ్లీ మొదలుపెట్టారు. పోటీ నియమం ప్రకారం, మధ్యలో లేచి వెళ్లిన ఆటగాడి బిళ్ళలు బల్ల మీదే ఉండాలి, అతనికీ ముక్కలు పంచాలి, వంతు వచ్చినప్పుడల్లా పెట్టాల్సిన పందెం ఆ కుప్పలోంచే తియ్యాలి. ఎందుకు లేచి వెళ్లాడన్నది నియమాల్లో లేదు.

వెర్లీన్ ఖాళీ కుర్చీ ముందు రెండు ముక్కలు వేసేది, వంతు రాగానే ఎవరూ చూడని ఆ ముక్కలను వెనక్కి లాక్కునేది. లాక్కునేటప్పుడు అవి మిగతావాటికన్నా చల్లగా తగిలేవి. ఏడో కుర్చీ వంక చూడకుండా ఉండాలని అందరూ తొందరపడి ఆడారు, తొందరపడి ఓడారు. మొదట డెమర్ లేచాడు. తర్వాత ఒక్కొక్కరే. చివరికి ముగ్గురు మిగిలారు, అందులో ఓరిన్ ఒకడు. బతికుండగా ఆయన ఎప్పుడూ అంత దూరం రాలేదు.

ఒక పంపకంలో వెర్లీన్ చెయ్యి ఆ కుర్చీ ముందు ఆగిపోయింది.

"తింటాను," అంది మెల్లగా.

పక్కనున్నాయన ఏమిటని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి రెండో ముక్క వేసింది.

కుప్ప తరుగుతూ తరుగుతూ సాయంత్రానికి అయిపోయింది. ఆమె చివరి బిళ్ళ కూడా తీసేశాక, అంబులెన్స్ వాళ్లు ఆయన ముఖం మీంచి తీసి ఆ కుప్ప వెనక పెట్టిన కళ్ళజోడు ఒక్కటే మిగిలింది, మడవకుండా, అద్దాలు పేక పంచే చోటుకే తిరిగి.